సీరియస్ అంటే సీరియస్

నాకు మనుషుల మీద కంటే ఒక మాట మీద ఎక్కువ కోపం. ఆ మాట 'సీరియస్'. ఇంగ్లీషులో దానికి ఏ అర్థమైనా ఉండనీ, మా హిందూపురంలో, మా చుట్టాల్లో మాత్రం ఒకటే అర్థం: మనిషి పోయాడు. పోయాడని నోటితో చెప్పకూడదు కాబట్టి "సీరియస్‌గా ఉండాది, బయల్దేరి రండి" అంటారు. విన్నవాళ్ళు ఏడుపు మొదలుపెడతారు. చెప్పినవాళ్ళేమో చేదు మాట మేం అనలేదు కదా అని నిమ్మళంగా ఉంటారు. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో గాని, నాకు దొరికితే నాలుగు దులిపేదాన్ని.

తొంభైల మొదట్లో మా తాత పోయినప్పుడు అవ్వ రొద్దంలో చుట్టాల పెళ్ళికి పోయి ఉంది. నాయన మనిషిని పంపి, తాతకు సీరియస్‌గా ఉందని చెప్పించాడు. అవ్వ ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మింది. బస్సులో దారి పొడుగునా మొక్కుతూ వచ్చింది. కదిరి నరసింహస్వామికి తలనీలాలు ఇస్తానంది. పెనుకొండ దర్గాలో చక్కెర చదివిస్తానంది. మా వీధి మలుపులో షామియానా కనపడేదాకా మొక్కుతూనే ఉంది.

"ఆ దేవుండ్లంతా నన్ను చూసి నవ్వింటారు" అని చాలా ఏండ్లు అనేది. నాయన అది వినలేకపోయేవాడు. "దోవలో నీకేమన్నా అయితే నేనేం చేయాల మా? నీ మంచికే కదా చెప్పింది" అనేవాడు. అబద్ధమే, కానీ మంచికి. అందుకని తప్పు కాదట. నేను అప్పటికి కాలేజీలో చదువుతున్నాను, వాదించడం బాగా వచ్చు. అయినా, నాయన కండ్లలో నీళ్ళు చూస్తే ఎవరికి నోరొస్తుంది?

అవ్వ మాత్రం ఆరోజుతో ఒకటి నేర్చుకుంది. సీరియస్ అంటే ఇక ఆశ పెట్టుకోకూడదని.

అవ్వకు ఒకతే చెల్లెలు, ధర్మవరంలో. నేను చిన్నవ్వ అనేదాన్ని. వాళ్ళింట్లో రెండు మగ్గాలు ఉండేవి. అక్కాచెల్లెళ్ళు కలిస్తే ఇంక మగ్గం చప్పుడు కూడా వినపడేది కాదు, అంత మాట్లాడుకునేవాళ్ళు. తాత పోయిన నాలుగైదేండ్లకు ఒకరోజు పొద్దున్నే పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. చిన్నవ్వ కొడుకు, అంటే మా చిన్నాయన, చేశాడు. "అమ్మకు సీరియస్‌గా ఉండాదన్నా. పెద్దమ్మను పిల్చుకోని తొందరగా రండి" అన్నాడట.

నాయన ఇంట్లోకి వచ్చి ఆ మాట చెప్పాడో లేదో, అవ్వ గోడకు తల ఆనించి రాగం తీసింది. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చేశారు. పొద్దున్న ప్యాసింజరు బండికి ఇంకా టైముంది. ఎక్కి ఉంటే సరిపోయేది. కానీ పోయిన మనిషి కోసం బండి వెనక ఎవరు పరుగెత్తుతారు? చావింట్లో శవం లేచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు, అవ్వకేమో షుగరు. అందుకని అమ్మ పొయ్యి ముట్టించింది. "తిను అత్తా, మళ్ళీ ఎప్పుడో" అని పక్కన కూచొని తినిపించింది. చావుకు పుట్టింటి చీర పెట్టాలి కాబట్టి నాయన బట్టల అంగడి తెరిచేదాకా కాచుకున్నాడు. ధర్మవరానికి మేం హిందూపురం నుంచి చీర కొనుక్కొని పోయాం! పెనుకొండ బస్టాండులో దిగి పూలహారం కొన్నాం. ఆ లోపల మా బస్సు పోయింది, ఇంకో బస్సుకు నిలబడ్డాం. ఎవరికీ తొందర లేదు. అవ్వ కూడా "ఇంగ తొందర పడి ఏం చేయాల్లే" అంది.

ధర్మవరంలో వీధి మొదట్లోనే అవ్వ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. "నన్నిడిసి పోతివా చెల్లీ" అని పాడుతూ వాకిలి దాకా పోయింది. షామియానా లేదు, జనం లేరు. లోపలినుంచి చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఊరుకో పెద్దమ్మా! అమ్మ ఉండాది! నీ ఏడుపు ఇంటాండాది!"

అవ్వ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది. లోపల మంచం మీదనుంచి సన్నటి గొంతు వచ్చింది. "ఎవురు పోయినారక్కా?"

నేను హారాన్ని వీపు వెనక దాచుకున్నాను. నాయన చీర కవరు మాత్రం చేతిలోనే ఉండిపోయింది. చిన్నవ్వ దాన్నే చూసింది. "ఎవురికది?" అంది. అవ్వ పోయి మంచం పట్టె మీద కూచొని, "నీకేమ్మే. కట్టుకుందువు, లెయ్యి" అంది. చిన్నవ్వకు అర్థమైపోయింది. నవ్వినట్టే అనిపించింది నాకు. అవ్వ చేయి పట్టుకొని ఏదో చెప్పబోయింది గాని, అంతకుమించి నాలుక తిరగలేదు. సాయంత్రానికి మాట పూర్తిగా పడిపోయింది. మరుసటి రోజు పోయింది.

మాట పడిపోయిన సాయంత్రమే వాకిట్లో నాయనా చిన్నాయనా పోట్లాడుకున్నారు.

"పొద్దన్నుంచి మాట్లాడతానే ఉన్నిందన్నా! చిన్నప్పటి సంగతులన్నీ. అక్కొచ్చిందా, అక్కొచ్చిందా అని మధ్యాన్నం దాకా అడిగింది. ఆ బండికి వచ్చింటే ఏం పోయె?"

"నువ్వు సీరియస్ అంటివి కదప్పా!"

"అవును, సీరియస్ అనే చెప్పినా! పోయిందని చెప్పినానా?"

"సీరియస్ అంటే ఏమనుకోవాల?"

"సీరియస్ అంటే సీరియస్!"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఆ తర్వాత వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోను? చిన్నాయన నిజం చెప్పాడు. ముసలామె కడుపు మాడకూడదని అమ్మ అన్నం పెట్టింది. చిన్నవ్వకు పుట్టింటి మర్యాద తక్కువ కాకూడదని నాయన చీర కొన్నాడు. అప్పుడెప్పుడో చెప్పిన అబద్ధం కూడా తల్లి మీద ప్రేమతోనే చెప్పాడు. విడివిడిగా అడిగితే అందరూ మంచివాళ్ళే. అవ్వకు మాత్రం చెల్లెలితో మాట్లాడాల్సిన ఒక పూట శాశ్వతంగా పోయింది. మనసు మంచిదైతే చేసింది తప్పు కాదనేవాళ్ళను ఆ వాకిట్లోకి తీసుకొచ్చి నిలబెట్టాలనిపిస్తుంది నాకు. తప్పు లేకపోతే, అవ్వకు జరిగిందాన్ని ఏమనాలి?

ఇంటికొచ్చాక అవ్వ నాతో ఒకటే చెప్పింది. "నా తావుకొచ్చేసరికి ఈ సీరియస్ గీరియస్ వద్దు పాపా. ఉంటే ఉండాదను. పోతే పోయిందను."

పదేండ్ల తర్వాత నాకు పెనుకొండ బడిలో ఉద్యోగం, అవ్వ నా దగ్గరే ఉండేది. అప్పటికి ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. ఒకరోజు పొద్దున అవ్వకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు చూసి, కావలసినవాళ్ళను పిలిపించుకోమన్నాడు. చిలమత్తూరులో ఉండే అత్తకు, అంటే అవ్వ కూతురికి, ఫోన్ చేశాను.

"అత్తా, అవ్వకు బాగలేదు. వెంటనే రా."

అటువైపు రాగం మొదలైంది. "ఎప్పుడు పోయిందే?"

"పోలేదత్తా! అవ్వ ఉండాది!"

"నువ్వు నా మనసు నొయ్యకుండా చెప్తాండావు. నాకు తెలీదా? కంచం ముందరే ఉండా, ఇంత తిని బయల్దేరతాంలే."

"అయ్యో, తినొద్దత్తా! నిజంగా ఉండాది! నీకు ఎట్ల చెప్తే నమ్ముతావు?" అని వీధి వీధంతా వినపడేలా అరిచాను. నిజం చెప్పడానికి అంత గొంతు చించుకోవాల్సి వచ్చింది. ఎంత అరిస్తే అంత అబద్ధంలా వినపడుతోంది!

మంచం మీదనుంచి అవ్వ చేయి చాపింది. ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాను. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నేనేమ్మే" అంది. "ఇంకా ఈడనే ఉండా. తినొద్దు. లేసి రా."

అత్త మధ్యాహ్నానికల్లా వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గరికి పరుగెత్తింది. అవ్వ ఆమె కుడిచేతిని పట్టుకొని వేళ్ళను తడిమి చూసింది. మెతుకులు ఎండిపోయి అంటుకొని ఉన్నాయి.

"చెయ్యి కడుక్కోనన్నా రాకూడదామ్మే" అని తిట్టింది.