గాడ పెట్టు

ఆర్మూర్ పసుపు యార్డులో నాకు పని నేర్పిన గుమాస్తా ఎవరి చేతి నుంచీ ఏదీ అందుకునేవాడు కాదు. చాయ్ ఇచ్చినా, కాగితం ఇచ్చినా చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతో బల్ల చూపిస్తూ "గాడ పెట్టు తమ్మీ" అనేవాడు.

నేను చేరకముందు ఆయన మీద లంచం కేసు పెట్టారు. ఏసీబీ వాళ్లు నోట్లకు పూసిన పొడి చేతికి అంటితే చాకలి సోడా నీళ్లు ఎర్రబడతాయట. ఆయన చేతులు ముంచారు. ఎర్రబడ్డాయి. పొద్దంతా పసుపు కొమ్ములు విరిచి చూసే చేతులవి! పసుపు మరకకు సబ్బు పెట్టిన ఏ ఇల్లాలిని అడిగినా అది ఎర్రబడుతుందని చెప్పేది. కోర్టుకు తెలియడానికి పదకొండేళ్లు పట్టింది.

నిర్దోషి అన్నాక ఉద్యోగమైతే తిరిగి ఇచ్చారు; ఆ ఏడే నేను ఆయన దగ్గర పనిలో చేరాను. ప్రమోషన్ అడిగితే, సాక్ష్యం చాలక కేసు కొట్టేశారే తప్ప మచ్చ లేదని అనలేదంటూ పైఆఫీసు రాసింది. ఈలోగా ఆయన్ని దాటి నేను సూపర్‌వైజర్నయ్యాను.

"ఫికర్ చెయ్యకే అన్నా, మళ్ల రాద్దాం" అన్నాను.

"ఇంకెన్నిసార్లు కడుక్కోవాలె తమ్మీ?"

ఆయన రిటైరయ్యే రోజు సాయంత్రం ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. పరుగున తీసుకెళ్లి ఆయన చేతికి అందించబోయాను. చేతులు వెనక్కి పోయాయి.

"గాడ పెట్టుండ్రి సార్" అన్నాడు.