పన్నెండు వరసల దాకా పోయే మెయిల్

2022లో నేను చెన్నై టి. నగర్‌లో, యంత్రాల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ హెడ్డాఫీసులో సిస్టమ్స్ చూసేవాణ్ని. కింద చీరల షాపు, పైన మూడో అంతస్తులో మేము. మెయిల్ సర్వర్ మా గదిలోనే ఉండేది. తిరువొత్తియూరు బ్రాంచి వాళ్లు వీపీఎన్ ద్వారా, అంటే ఇంటర్నెట్‌లోనే మాకోసం వేసుకున్న ప్రత్యేకమైన దారిలో, దానికి కనెక్ట్ అయ్యేవారు.

ఆ బ్రాంచిలో మెయిల్ పంపే మనిషి సరోజమ్మగారు ఒక్కరే. యాభై దాటిన ఆవిడ, తరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఏ ఫ్యాక్టరీకి ఏ సరుకు వెళ్లిందో రోజూ మాకు ఇంగ్లీషులో, మాధవరం గోడౌన్‌కు తమిళంలో రాయాలి. నెల రోజులుగా ఆవిడ మెయిళ్లు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఒక్క లిస్టుకు నాలుగు మెయిళ్లు. కొన్ని అసలు రావు.

మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ నేను పింగ్ కొట్టాను. పింగ్ అంటే అవతలి మిషన్‌ను "ఉన్నావా?" అని పలకరించడం. ప్రతిసారీ "ఉన్నాను" అని జవాబు వచ్చింది. పాస్‌వర్డ్ మార్పించి, ఫిర్యాదు నమోదయ్యే టికెట్‌లో "యూజర్ ఎర్రర్", అంటే వాడేవాళ్ల తప్పు, అని రాసి మూసేశాను.

మా మేనేజర్ ఆ టికెట్లు చూశాడు. "ఆవిడ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. మెయిల్ పంపడం రానివాళ్లను ఎట్లా పొడిగిస్తాం? ఒకసారి వెళ్లి చూసి రిపోర్టు ఇవ్వు" అన్నాడు. లోకల్ ట్రైన్‌లో కూర్చునేసరికే రిపోర్టు నా మనసులో సగం తయారైపోయింది.

ఆవిడ నన్ను చూసి కుర్చీ వేశారు. డ్రాయరులోంచి ఒక క్లిప్పు పెట్టిన కాగితాల కట్ట తీశారు. గోడకు వేలాడే, రోజుకొకటి చింపే కేలెండర్ కాగితాలు. ముందు వైపు తారీకు, రాహుకాలం. వెనక వైపు పెన్సిలుతో ఆవిడ చేతిరాత.

"ఏందమ్మా ఇది?"

"ఏ మెయిల్ పొయ్యింది, ఏది పోలేదని రాసిపెడ్తిని సార్. ఇంగ్లీషులో పన్నెండు వరసల దాకా పోతాది. పదమూడోది వేస్తే నిలిచిపోతాది. తమిళంలో నాలుగు వరసలే. అందుకే తుంచి తుంచి పంపిస్తా ఉండాను."

ఆ కాగితాలు దగ్గరకి లాక్కున్నాను. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చోటు చాలు. తమిళ అక్షరానికి, మన తెలుగు అక్షరానికి మూడు కావాలి. పన్నెండుకీ నాలుక్కీ తేడా సరిగ్గా అంతే! బైటు అన్న మాటే తెలియని మనిషి పెన్సిలుతో దాన్ని కొలిచేసింది. నేను సర్వర్ పక్కనే కూర్చుని పట్టుకోలేకపోయాను.

వెంటనే పింగ్ సైజు పెంచుకుంటూ పోయాను. ఒకచోట జవాబు ఆగిపోయింది. మెయిల్ ప్యాకెట్లనే పొట్లాలుగా వెళ్తుంది. వీపీఎన్ దారి కాస్త ఇరుకు, అందులో పట్టే పొట్లం సైజుకు, బ్రాంచిని నెట్‌కు కలిపే రూటర్‌లో ఒక హద్దు పెట్టాలి. దాన్ని ఎంటీయూ అంటాం. ఆ హద్దు ఎక్కువగా ఉండటంతో నిండు పొట్లాలు దారిలోనే పోతున్నాయి, చిన్నవి దూరిపోతున్నాయి. నా పింగ్ అన్నిటికంటే చిన్నది మరి.

"ఇది ఎప్పట్నుంచి అమ్మా?"

ఆవిడ కట్టలో అడుగున ఉన్న కాగితం తీసి చూపించారు. కాస్త మొహమాటంగా నవ్వారు. "మీరు ఈడికొచ్చి కొత్త డబ్బా పెట్టి పోతిరే, దాని మర్నాడు నుంచి సార్."

ఆ రూటర్ పెట్టింది నేనే. హద్దు మార్చడం మరిచిపోయిందీ నేనే.

"ఇది ఫోన్‌లోనే చెప్పుండొచ్చు కదమ్మా?"

"పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టితివా అని మూడు మాట్లు అడిగితిరి. ఏం చూస్తివని ఒక్క మాటైనా అడగలేదు కదా సార్."

కోపంగా అనలేదు. రూటర్‌లో ఒక్క అంకె మార్చాను. ఆవిడ ఆ రోజు లిస్టంతా, నలభై వరసలు, ఒకే మెయిల్‌లో తమిళంలో కొట్టి పంపారు. మాధవరం నుంచి ఫోన్ మోగింది. "వందిరుచ్చామ్, వచ్చేసిందంట!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

తిరిగొచ్చి ఆ మూడు టికెట్లూ మళ్లీ తెరిచాను. కారణం దగ్గర "రూటర్ పెట్టినవాడి తప్పు" అని రాసి నా పేరు పెట్టాను. కనిపెట్టినవారు అన్నచోట సరోజమ్మగారి పేరు రాశాను. ఆ కాగితాల నకళ్లు జతచేసి మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూసి, కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం పెట్టాడు.

ఈ పనిలో నాకు చాలా పరికరాలు నేర్పారు. ఎదుటి మనిషిని అడగడం మాత్రం ఆవిడే నేర్పారు. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా, పింగ్ కొట్టేముందు నేను అడిగే మొదటి మాట ఒకటే: "మీరేం గమనించారు?"