సారాయి పోసి నడిపిన పడవ

మా చిన్నప్పుడు... కాలవ మీద పొగపడవ కూత వినిపిస్తే మిషను బడి పిల్లలమంతా గట్టు మీదికి పరుగెత్తేవాళ్లం. గోదావరికి ఇంకా రైలు వంతెన పడని రోజులవి.

నేను ఊళ్లో రైతు ఇంటివాణ్ణి. నా నేస్తం దేవదానం కూలివాళ్ల అబ్బాయి. బోర్డింగులో ఉండేవాడు... తిండీ చదువూ బడివాళ్లవే.

లాకుల బంగళాలో దొరగారి పిల్లలు పారేసిన బొమ్మ పొగపడవ వాడికి దొరికింది. జానెడు పొడవు, నిమ్మకాయంత బాయిలరు, దాని కింద చిన్న దీపం. వెనక నీళ్లు తోసే రెక్కలు మాత్రం విరిగిపోయాయి.

వాడు పాత ఇత్తడి గరిటె కత్తిరించి కొత్త రెక్కలు చేశాడు. నీళ్లలో వదిలితే వెనక్కి నడిచింది!

"లెక్కల్లో నీలాగే ఇదీ వెనక్కి పోతోందేంట్రా!" అన్నాను.

రెక్కలు రెండో వైపు మెలితిప్పాడు. ముందుకు కదిలింది... బారెడు పోయి ఆగింది. ఆముదం దీపానికి నీళ్లు సరిగా మరగవు. కిరసనాయిలు పోస్తే బాయిలరంతా మసి.

సారాయి పోద్దామన్నది నేనే. మా పాలేరు చేత రహస్యంగా తెప్పించాను. మొదటి సీసా అంటుకోలేదు... దుకాణంవాడు నీళ్లు కలిపాడు. రెండోసారి చిప్పలో చుక్క వేసి వెలిగించి, నీలం మంట చూశాకే తీసుకున్నాం.

ఆ రోజు పడవ అవతలి గట్టుదాకా పోయింది. దేవదానం మెడలోతు నీళ్లలో దాని పక్కనే నడిచాడు.

మిగిలిన సారాయి సీసాతో సహా బోర్డింగులో వాడి పెట్టెలో దాచాం. మర్నాడు పెద్ద మేష్టారికి వాసన తగిలింది. సీసా పట్టుకుని క్లాసుకి వచ్చి దేవదానాన్ని లేపారు.

"తాగావా?"

"లేదండి. పడవకండి."

"పడవ సారాయి తాగుతుందా?" క్లాసంతా నవ్వింది. ఆయన నావైపు తిరిగారు. "నీకేమైనా తెలుసా?"

"తెలీదండి" అన్నాను.

దేవదానం నా పేరు చెప్పలేదు... ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

సాయంత్రానికి వాడి పేరు కొట్టేశారు. వాళ్ల నాన్న వచ్చి మేష్టారి కాళ్లు పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు... చెప్తే మా నాన్న నాలుగు దెబ్బలు వేసేవారు, అంతే. నా చదువు పోయేది కాదు.

తర్వాత నాకు ఆ బడిలో కూర్చోబుద్ధి కాలేదు. మిగతా చదువంతా ఇంట్లో సొంతంగా నేర్చుకున్నదే.

ఇప్పుడు మా మనవడి బడిలో అద్దాల బీరువాలో స్పిరిటు సీసా ఉంటుంది. ఆవిరి యంత్రం ఎలా నడుస్తుందో మేష్టర్లే వెలిగించి చూపిస్తున్నారు...

మీ తప్పు మోసిన నేస్తం ఎవరైనా ఉంటే, నాలాగా రాయండి. కానీ ఆ నేస్తం ఎక్కడున్నాడో తెలిస్తే మాత్రం, ముందు వెళ్లి అతనితోనే చెప్పండి. దేవదానం ఎటు వెళ్లాడో నేను ఆ రోజు కూడా అడగలేదు.