మా హైస్కూలుకు ఆటో పెట్టిన సంగతి

పాలకుర్తికీ జఫర్‌గఢ్‌కూ మధ్య, రెండింటికీ దూరంగానే ఉన్న ఊరు మాది. ఏడో తరగతి దాకానే బడి ఉన్న రోజుల్లో, ఆపైన చదవాలంటే అటో ఇటో నడిచి పోవాల్సిందే. మగపిల్లల్లో కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు పోయేవాళ్లు. ఆడపిల్లల చదువు ఏడుతో సరి. దాని గురించి ఎవరూ బాధపడినట్టు కూడా నాకు గుర్తు లేదు.

హైస్కూలు మాకు ఎవరి దయవల్లా ఊడిపడలేదు. పెద్ద రైతులు జాగా ఇచ్చారు. ఇంటికి ఇన్ని బండ్ల రాయి తోలాలని ఊరు మాట అనుకుంది. ఎడ్లబండి లేనివాళ్లు, అంటే మా తండా మొత్తం, ఒంటి కష్టంతో చెల్లించాలి. మగవాళ్లు గుట్ట మీద రాయి కొట్టారు, ఆడవాళ్లు మట్టి మోశారు. మా నాయన ఒక ఎండాకాలమంతా అక్కడే ఉన్నాడు. కూలి సంగతి అడిగితే, "కూలెందుకురా, రేపు మీ పోరగాండ్లే సదువుకుంటరు" అన్నారట. పెద్దలు చెప్పిన మాటల్లో నిజమైంది అదొక్కటే. నేను అక్కడే చదివాను, సారునయ్యాను, ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఆ బడికే సోషల్ చెప్పడానికి వచ్చాను.

నేను చదివేటప్పుడు గోనెసంచి మీద చోటు కోసం కొట్టుకునేవాళ్లం. మా ఇళ్లల్లో మాట్లాడేది లంబాడి. తెలుగు మాకు బడిలో దొరికిన భాష, నా తెలుగు విని నవ్వనివాడు లేడు. అయినా పటేలు కొడుకూ నేనూ ఒకే గోనె మీద కూర్చున్నాం. అది చిన్న సంగతి కాదని ఇప్పటికీ అంటాను.

తర్వాత ఊళ్లోకి ప్రైవేటు బడుల పసుపు బస్సులు వచ్చాయి. మొదట పెద్ద రైతుల పిల్లలు ఎక్కారు, ఆ తర్వాత పత్తి బాగా పండిన ఏడు మిగతావాళ్లూ ఎక్కారు. పొద్దున్నే టై కట్టుకుని బస్సు కోసం నిలబడితే అదే సగం చదువని మా ఊరి నమ్మకం. ఇంగ్లీషు మీడియం లేదని వంక పెడితే అదీ పెట్టాం. ఇంట్లో లంబాడి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. పాఠం చదివి, తెలుగులో చెప్పి, పిల్లల ముఖాలు చూసి మళ్లీ లంబాడిలో చెప్పేవాణ్ని. ఒక్క పాఠానికి మూడు పాఠాలయ్యేవి. ఇంత చేసినా బెంచీలు నిండలేదు. బస్సు ఫీజు కట్టలేనివాళ్లే మాకు మిగిలారు.

వాళ్లలో మా తండా పిల్ల ఒకతె ఉండేది. తొమ్మిది అయిపోయి పదిలోకి వస్తోంది. మ్యాపు ముందు నిలబెడితే నదులన్నీ వేలితో గీసి చూపించేది. పది పాసై మానుకోటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని ఆమె కోరిక. ఆమె ఇంట్లో పెద్దపిల్ల, తల్లికి ఎప్పుడూ ఒంట్లో బాగుండదు. పది ఆగిందంటే ఇక అంతే, ఆమె మళ్లీ బడి ముఖం చూడదు. ఈ పిల్లనైనా గట్టెక్కించాలని నేను పట్టుబట్టాను. హైస్కూలు తరగతులు ఎత్తేస్తారన్న పుకారు అప్పటికే ఉంది.

ఆ ఎండాకాలం సెలవులు ముగుస్తుండగా ఎప్పటిలాగే సార్లం, మేడమ్‌లం పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగాం. సర్కారు సారు బతుకులో ఇంతకంటే చిన్నబోయే పని ఇంకోటి లేదు. గడపలో నిలబడి మా బడికి పంపండని బతిమాలుతుంటే, లోపల టీవీ గొంతు తగ్గించే మర్యాద కూడా ఉండదు. ఒక పెద్ద రైతు ఇంటి కోడలు మాత్రం కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది. ఉన్నమాట కూడా చెప్పింది.

"మీరు మంచిగనే చెప్తరు సారు, నాకు ఎరుకే. గని ఇంటి ముందటికి బండి రాదాయె. పక్కింటోళ్ల పిల్లలు బండెక్కి పోతుంటె మా పిల్లగాడు నడిచి పోతడా?"

తిరిగి వస్తూ మా హెడ్మాస్టరమ్మ అన్నది, "అయితే బండే తెద్దాం. గదొక్కటే తక్కువైతే గది గూడ చేద్దాం."

తెచ్చాం. తలా ఇంత వేసుకుని తండా కుర్రవాడి ఆటో మాట్లాడాం. పసుపు రంగు వేయించి, వెనకాల బడి పేరు పెద్ద అక్షరాల్లో రాయించాం. మొదటి రోజు దానికి కొబ్బరికాయ కూడా కొట్టాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది కానీ ఆ రోజు చాలా సంబరపడ్డాం. బస్సు మాన్పించి కొందరు పిల్లల్ని పంపారు కూడా. ఆ పిల్ల ఆటోలో ముందు కూర్చుని చిన్నపిల్లల్ని లెక్కపెట్టి ఎక్కించేది. పదో తరగతి మొదలైంది, నేను సాయంత్రాలు ఉండి ఇంగ్లీషులో జవాబులు రాయించడం మొదలుపెట్టాను.

అప్పుడే ఒక పెద్ద అధికారి బడి చూడటానికి వచ్చాడు. ఆటో చుట్టూ తిరిగి చూశాడు, ఫోటో తీసుకున్నాడు, మా భుజాలు తట్టాడు. హెడ్మాస్టరమ్మ అందరికీ టీ తెప్పించింది. కొన్నాళ్లకు మా తొమ్మిది, పది తరగతులను పాలకుర్తిలో కలిపేస్తున్నట్టు కబురొచ్చింది. హెడ్మాస్టరమ్మా నేనూ ఆయన ఆఫీసుకు పరుగెత్తాం. తండా ఆడపిల్లలు అంత దూరం ఎట్లా వస్తారని అడిగాను. ఆయన కోప్పడలేదు, చాలా నెమ్మదిగా చెప్పాడు.

"దూరముండి బండి లేని ఊర్లను మేం ముడుతలేం సారు. మీ ఊరికి ఆటో ఉన్నది గద. మీరే పెట్టుకున్నరు గద."

హెడ్మాస్టరమ్మ మెట్లు దిగుతూ ఏడ్చింది. మా నాయనలాంటి వాళ్లు కూలి లేకుండా కట్టిన బడిని మేం జేబులోంచి డబ్బు పెట్టి మరీ మూయించుకున్నాం. ఈ తెలివి ఇంకెవరికి వస్తుంది?

సార్లను తలో దిక్కుకూ పంపారు. నన్ను పాలకుర్తికే వేశారు. దసరా దాకా ఆటో అక్కడికి నడిచింది, ఆ పిల్ల వచ్చింది. కొత్త బడిలో అంతమంది మధ్య వెనక బెంచీలో కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. చందాలు వేసే సార్లు చెదిరిపోయాక ఆటో కుర్రవాడు మాత్రం ఎన్నాళ్లని ఊరికే తిప్పుతాడు? దసరా తర్వాత జఫర్‌గఢ్ వైపు గిరాకీలకు తిప్పుకుంటున్నాడు. అతణ్ని ఒక్క మాట కూడా అనలేను.

ఆ పిల్ల రావడం మానేసింది. తండాకు వెళ్లాను. వాళ్ల నాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మా భాషలోనే మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగాడు.

"బడి ఊర్లె ఉన్నన్నాళ్లు నేను అద్దన్ననా తమ్మీ? పొద్దుమీకి రోడ్డు మీద పెద్దపిల్లను ఒక్కదాన్ని ఎట్ల నిలవెట్టాలె? నువ్వు నిలవెడ్తవా?"

నా బండి మీద తీసుకెళ్తానన్నాను. రోజూనా అన్నాడు. రోజూ అన్నాను. ఆయన పిల్ల వైపు చూశాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, తల తిప్పలేదు.

"నేనొక్కదాన్నే ఎందుకు సారు? మిగిలిన పిల్లలు గూడ బందైన్రు," అన్నది.

మళ్లీ రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఇంటికి తాళం ఉంది. పరీక్ష ఫీజు గడువు కూడా దాటిపోయింది.

మొన్న బడి నుంచి వస్తుంటే రోడ్డు పక్క చేనులో పత్తి ఏరుతున్నారు. నడుముకు ఒడి కట్టుకున్న ఆడవాళ్లలో ఆ పిల్ల ఉంది. బండి ఆపాను. ఆమె చెయ్యి ఆపకుండానే నవ్వింది.

"ఏం కాకా, ఇంటికేనా?" అన్నది.

వరసకు నేను చిన్నాయననే, తండాలో అందరం ఏదో ఒక వరసే. కానీ నా దగ్గర చదువుకునే పిల్లలు ఇంట్లో కూడా నన్ను సారు అనే పిలుస్తారు. చదువు మానేసినవాళ్లే వరస పెట్టి పిలుస్తారు. ఆమె ఏమాత్రం తడబడకుండా పిలిచింది.

"ఇంటికే బిడ్డా," అన్నాను.