ముప్పై ఇళ్లలో మాసయ్య

నా బిడ్డ నిరోష వనపర్తిలో కంప్యూటర్ నేర్చుకుంది. అక్కడ ఒక సెంటర్‌లో పని దొరకాలంటే, ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టేవాళ్ల కోసం ఇంటింటి పేర్ల ప్రోగ్రాం రాసి చూపాలి. పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు మధ్యాహ్నం రెండింటిలోగా పంపకపోతే వేరేవాళ్లను తీసుకుంటామని ఆ సెంటర్ నడిపే సుదర్శన్ సార్ చెప్పాడు.

పాన్‌గల్‌లో ముప్పై ఇళ్లున్న మా వాడకట్టునే నిరోష పరీక్షకు పెట్టుకుంది.

"వాడకట్టు పెద్ద డబ్బా అనుకో అమ్మా. దాంట్ల ఇంటికొకటి చిన్న డబ్బా. మనింట్ల పేరు కలిపితే మన డబ్బాలనే పడాలె."

పెత్రమాస పొద్దున, మా ఇంట్లో కలపడానికి ముందు వాళ్ల నాయన మాసయ్య పేరే కొట్టింది. ఆ పేరు ముప్పై ఇళ్లలోనూ పడింది. చెరిపి మళ్లీ కొట్టినా అంతే. పన్నెండు దాటినా చాయ్ కూడా ముట్టలేదు.

"ఏందే, గట్ల కూసున్నవ్?"

"నాయన అందరిండ్లల్ల తిరుగుతున్నడు."

"బతికున్నప్పుడు గూడ గంతే. ఇంట్ల ఎన్నడు నిలిచిండు?" అన్నాను. ఇద్దరం నవ్వబోయి ఊరుకున్నాం. ఆయన పోయాక ఇదే మొదటి పెత్రమాస.

ఎప్పుడో పోయిన అత్తకు, మామకు, ఇప్పుడు ఆయనకు వడ్డించడానికి మూడు ఇస్తరాకులు పరిచాను.

"గిన్ని ఇస్తర్లెందుకమ్మా? ఒక్కదాంట్లనే పెట్టరాదు?"

"ఒక్క ఇస్తరే ముగ్గురికి చూపిస్తే ఎట్ల? ఒకరికని ఏది వడ్డించినా ముగ్గురి ముందట ఉన్నట్టే గద. ఎవలది వాళ్లకే వెయ్యాలె."

నిరోష కాసేపు ఆ ఆకుల వంకే చూసింది. తన ప్రోగ్రాంలోనూ ఒక్క ఖాళీ డబ్బానే చేసి, ముప్పై ఇళ్లకూ దాన్నే చూపించిందట. ఇంటింటికీ కొత్త డబ్బా వచ్చేలా రాసి, మళ్లీ పేరు కలిపింది. ఈసారి మాసయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. మా ఇద్దరి పేర్లూ వయసులూ కూడా కలిపి, రెండింటికి పది నిమిషాల ముందు పంపింది.

కాసేపటికి సార్ ఫోన్ చేశాడు. "మంచిగుందమ్మా. సోమవారం నుంచి రా. మీ ఇంట్ల మాసయ్య వయసు రాయలే, ఎవరాయన?"

"మా నాయన సార్. పోయినేడు సచ్చిపోయిండు."

"అట్లయితే తీసెయ్ తల్లీ. బతికున్నోళ్లే ఉండాలె."

దాని వేలు మీట మీద ఆగిపోయింది. నా దిక్కు చూసింది.

"తీసెయ్ బిడ్డా," అన్నాను.

మా ఇంట్లో రెండు పేర్లు మిగిలాయి. నిరోష లేచి వచ్చి, నా చేతిలో గరిటె తీసుకుని, వాళ్ల నాయన ఇస్తరిలో మాంసం తునకల కూర తనే వడ్డించింది. సోమవారం నుంచి పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే.