కారుకు సోకిన గాలి

ఆర్మూరులో పెర్కిట్ రోడ్డు మీద పసుపు గోదాముల వరస దాటాక రేకుల షెడ్డు ఒకటి ఉంది. దానికి బోర్డు లేదు. మెకానిక్ నడిపయ్య ఎక్కడ అని ఎవరినైనా అడిగితే, "గాలి నడిపయ్యనా?" అని ఖాయం చేసుకుని మరీ దారి చూపిస్తారు. టైర్లలో గాలి కొట్టే మనిషి అనుకునేరు, కాదు. పనీపాటా లేని గాలి మనిషి అసలే కాదు. ఇంజిన్‌లోకి దొంగతనంగా దూరే గాలిని పట్టుకోవడంలో బాల్కొండ నుంచి భీమ్‌గల్ దాకా ఆయనకు సాటి వచ్చేవాడు లేడు. ఈ మాట కాస్త పొగరుగా వినిపిస్తే వినిపించనీ.

పెట్రోలు ఇంజిన్ కూడా మనలాగే గాలి పీలుస్తుంది. ఆ గాలి ఒకే దారిలో, కొలత ప్రకారం లోపలికి పోవాలి. ఎక్కడో ఓ రబ్బరు పైపు చీలినా, ఓ ప్యాకింగ్ నలిగినా, కొలతకు అందని గాలి దొంగదారిన చొరబడుతుంది. ఇక చూడండి తమాషా! రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బుద్ధిగా ఉన్న బండి, ఆపిన చోట గసపెడుతుంది, వణుకుతుంది, ఆగిపోతుంది. పెద్ద వర్క్‌షాపుల్లో దీనికి ఏం పేరు పెట్టారో గాని, నడిపయ్య ముప్పై అయిదేళ్ళుగా అనే మాట ఒక్కటే: "బండికి గాలి సోకింది."

ముగ్గురు అన్నదమ్ముల్లో నడిమివాడు కనుక ఆయన నడిపయ్య. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. కొడుకు వీపు మీదికీ పసుపు బస్తాయే ఎక్కుతుందని ఇంట్లో అనుకుంటూ ఉండగా, నడిపయ్య పోయి హైవే పక్కన లారీలు బాగుచేసే బాబురావు దగ్గర చేరాడు. బాబురావు చేతిపని సగమే నేర్పాడు, తిట్లు మాత్రం పూర్తిగా నేర్పాడు. మిగతా సగం నడిపయ్య సొంతంగా సంపాదించుకున్నాడు. ఆయన పనిముట్లలో ఘనమైనది ఏమిటంటే, పొలాల్లో మందుకొట్టే పంపు నుంచి కోసి, మూడు రోజులు కడిగిన మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో పెట్టుకుంటాడు. రెండో కొసను నడుస్తున్న ఇంజిన్ చుట్టూ మెల్లగా తిప్పుతాడు. గాలి దూరే చోట 'సుయ్' మని సన్నటి చప్పుడు వస్తుంది. అంత రొదలో ఆ చప్పుడు ఇంకెవరికీ వినపడదు. ఆయనకు వినపడేది. వినపడగానే కళ్ళు మూసుకుని, ఓ వేలు పైకెత్తి, చుట్టూ ఉన్నవాళ్ళను మాట్లాడవద్దన్నట్టు ఆపేవాడు. డాక్టరు నాడి చూస్తున్నట్టే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు.

ఓసారి ఏర్గట్ల నుంచి దుబాయి పోయిన ఒకాయన అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ఇంటి దగ్గర తమ్ముడు అదే కాల్‌లో కలిసి, తన ఫోన్‌ను నడుస్తున్న ఇంజిన్ మీద పెట్టాడు. "జర ఇని చెప్పన్నా, ఏం రోగమో" అని దుబాయాయన బతిమాలాడు.

"ఫోన్ల నీ మాట ఇనవడ్తది గని గాలి ఇనవడదు. బండి తోలుకరమ్మను" అని నడిపయ్య పెట్టేశాడు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉంది, గొప్ప పట్టింపు. బాగున్న సామాను మీద చెయ్యి వేయడు. ఏది చెడిందో తేలేదాకా ఒక్క నట్టు కూడా విప్పడు. అనుమానం వచ్చిన ప్రతిదీ మార్చుకుంటూ పోయేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది. "రోగం ఏడున్నదో తెల్వక మనిషిని మొత్తం కోస్తరా?" అంటాడు. ముప్పై అయిదేళ్ళలో ఆయన చేతి మీదుగా ఒక్క మంచి సామాను కూడా చెత్తబుట్టలో పడలేదు. అది ఆయన గర్వం. ఆ గర్వానికి ఆయన నూటికి నూరుపాళ్ళూ తగినవాడు.

అలాంటి మనిషికి ఏడాది కింద ఒక సంగతి తెలిసొచ్చింది. ఓ స్కూటరు టైరు వాల్వు మీద ఉమ్మి తడి రాశాడు. బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఉబ్బింది. గాలి పోతోందన్నమాట. చప్పుడు మాత్రం లేదు. చెవి ఆనించినా లేదు. రేకుల మీద సుత్తి మోతలు, లారీ ఇంజిన్ల రొద ఇన్నేళ్ళూ మోసిన చెవులు, తనకు అన్నం పెట్టిన ఆ ఒక్క సన్నటి చప్పుడునే ముందుగా వదిలేశాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య సువార్తకు కూడా చెప్పలేదు. గొట్టం చెవిలో పెట్టుకుంటూనే ఉన్నాడు, కళ్ళు మూసుకుంటూనే ఉన్నాడు. అనుభవం మీద అంచనా వేసేవాడు, అంచనా తప్పేది కాదు. అంబదాస్ కారు వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చాడు.

అంబదాస్ పసుపు కమీషన్ వ్యాపారి. ఆయన తల్లి కమలాబాయికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వారానికి మూడుసార్లు ఆమెను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. ఆ తెల్లకారేమో మామిడిపల్లి చౌరస్తాలో, వెనక లారీ హారన్ మోగిస్తుండగా, ఆమె కూర్చుని ఉండగానే మూడుసార్లు ఆగిపోయింది. నడిపయ్య గొట్టం పెట్టి విన్నాడు. ఏమీ లేదు. చెవిని నమ్మలేకపోయినా, పైకి కనిపించే పైపులన్నీ బాగానే ఉన్నాయి కనుక గాలి కాదని అంచనా కట్టి, స్పార్క్ ప్లగ్గులు మార్చాడు.

నాలుగో రోజు కారు తిరిగొచ్చింది, అదే వణుకుతో.

నడిపయ్య ముఖం మాడిపోయింది. లోపలికి పోయి, తాను తీసేసిన ప్లగ్గులను తుడిచి వెలుగులో పెట్టి చూశాడు. నిక్షేపంగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి మంచి సామాను విప్పి పారేశాడు. ఆ నాలుగు ప్లగ్గులనూ గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు. తర్వాత బయటికి వచ్చి, పిసకడానికి వీలైన రబ్బరు పైపులన్నీ పిసికి చూశాడు, సబ్బునీళ్ళు చల్లి చూశాడు. రోగమైతే ఖచ్చితంగా గాలిదే. చోటు మాత్రం చిక్కలేదు.

"సేటు, నీ బండికి గాలి సోకింది" అన్నాడు చివరికి.

వెనక సీటులో కమలాబాయి ఉలిక్కిపడింది. దయ్యమో, చెడు చూపో తగిలిన మనిషిని గాలి సోకిందంటారని ఆమెకు డెబ్బై ఏళ్ళుగా తెలుసు. కార్ల సంగతి ఆమెకు తెలియదు.

"ఏం గాలి నడిపయ్యా? బయటిదా?" అని కిటికీలోంచి తల బయటపెట్టి, గట్టిగా అడిగింది.

"బయటి గాలే అమ్మా. లోపలికి జొచ్చింది. ఏడ జొచ్చిందో దొరుకుతలేదు. దొరికిందంటే ఎల్లగొడ్త."

"మూడుసార్లు గా చౌరస్తల్నే ఆగింది. గాడ ఏమన్న ఉన్నదంటవా?"

"బండి ఆపిన కాడనే గాలి జోరు చేస్తది అమ్మా. రేపు పొద్దుగాల తోలుకరాండ్రి. ఇంజిన్ సల్లగున్నప్పుడు మంచిగ దొరుకుతది."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆమె అర్థం చేసుకున్నదాంట్లో ఒక్క అక్షరం నిజం లేదు. అంబదాస్ ఫోన్‌లో పసుపు ధర మాట్లాడుతూ ఇదేమీ పట్టించుకోలేదు.

తెల్లవారి నడిపయ్య ఏమీ తినకుండానే షెడ్డుకు వచ్చాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇవాళ ఈ కారులో గాలి దొరక్కపోతే షట్టరు దించి, తాళం చెవి షెడ్డు యజమానికి ఇచ్చేయడమే. రోగం తెలియకుండా సామాన్లు మార్చేవాళ్ళను తిట్టిన నోటితో, తానే ఆ పని చేస్తూ బతకలేడు. అరవై ఏళ్ళకు వేరే ఏం పని చేస్తాడో తెలియదు. భయం వేసింది, ఆ భయాన్ని ఎవరితో పంచుకోవాలో కూడా తెలియలేదు.

పది గంటలకు కారు వచ్చింది. కారులోంచి ముందు నిమ్మకాయలు దిగాయి, తర్వాత కొబ్బరికాయ, తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి పొగలు కక్కుతున్న ఇత్తడి ధూపం గిన్నె, ఆఖరున కమలాబాయి. అంబదాస్ సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"ఎంత చెప్పినా ఇంటలేదన్నా. నువ్వే అన్నవట గద, గాలి సోకిందని" అన్నాడు.

నడిపయ్యకు అప్పుడు అర్థమైంది. ఇంకో రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. అదే సమయానికి సువార్త రొట్టెల గిన్నె పట్టుకుని వచ్చింది. చర్చికి ఒక్క ఆదివారమూ తప్పని మనిషి, షెడ్డు ముందు కొబ్బరికాయా నిమ్మకాయలూ చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నడిపయ్య బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. కారు వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు చూడగానే కమలాబాయికి పూనకమే తక్కువ. "చూడు, ఎట్ల ఊగుతున్నదో!" అంటూ, మోకాళ్ళ నొప్పి మరిచి ముందుకు వచ్చి, ధూపం గిన్నెను ఇంజిన్ చుట్టూ తిప్పసాగింది. అంబదాస్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

"ఆగు సేటు!"

నడిపయ్య గొంతు విని అంబదాస్ ఆగిపోయాడు. ఇంజిన్ ఇంకా అంతగా వేడెక్కలేదు కనుక ఫ్యాన్ తిరగడం లేదు. షెడ్డులో ఆకు కదలనంత నిలకడ. పొగ నిటారుగా పైకి పోతోంది. గిన్నె కుడి పక్కకు వచ్చేసరికి మాత్రం అందులో ఒక్క సన్నటి పాయ, దారం తెగినట్టు విడిపోయి, పైకి పోకుండా పక్కకు వంగి, ఇంజిన్ వెనకవైపు కిందికి దూరిపోతోంది.

"అమ్మా, కదలకు. గిన్నె గాడ్నే పట్టు" అన్నాడు.

చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమాడు. అడుగున, కంటికి కనపడని మలుపులో, బొటనవేలు లావు రబ్బరు పైపు ఎండి చీలి ఉంది. చీలిక మీద వేలు పెట్టాడు. గాలి వేలిని లోపలికి లాక్కుంది. ఆ క్షణంలోనే కారు వణుకు ఆగిపోయింది. ఇంజిన్ సర్దుకున్న సంగతి ఆయనకు చెవికి తెలియలేదు, కారు అంచున ఆనించిన రెండో అరచేతికి తెలిసింది. వేలు తీశాడు, వణికింది. పెట్టాడు, ఆగింది. ఆయన కళ్ళలో నీళ్ళు నిలిచాయి. సాంబ్రాణి పొగకని అందరూ అనుకున్నారు.

"దొరికిందా? అరె! ఎంతైనా నడిపన్న చెవే చెవి!" అని అంబదాస్ సంతోషంతో అరిచాడు. రోడ్డు మీద ఆగి చూస్తున్న నలుగురూ తలలు ఊపారు. గొట్టం ఆయన మెడలో అలాగే వేలాడుతోంది. ఊరుకుంటే సరిపోయేది. ఆ పొగడ్త జేబులో వేసుకుని, ఇంకో నాలుగేళ్ళు అలాగే బతకొచ్చు.

నడిపయ్య గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు.

"చెవి కాదు సేటు. నా చెవులు పోయినయ్. గా సుయ్ మనే సప్పుడు ఏడాది సంది ఇనవడ్తలేదు. మొన్న నీ ప్లగ్గులు గందుకే ఉత్తగ మార్చిన, మంచివి ఇప్పి పారేసిన. ఇయ్యాల దొరకవట్టింది నేను గాదు, మీ అమ్మ పొగ. ఇంకో మెకానిక్ కాడికి పోతనంటె పో, నాకేం బాధ లేదు."

తప్పు ఒప్పుకున్న మెకానిక్‌ను అంబదాస్ పుట్టాక చూడలేదు. జవాబు కమలాబాయి చెప్పింది.

"చెవులు పోతే ఏమాయె? నాకు మోకాళ్ళు పోయినయ్, నేను వస్తలేనా? గాలి పోయిందా లేదా, గది చెప్పు."

"పైపు మారుస్త, పోతది అమ్మా. గా ధూపం గిన్నె జర నాకు ఇడిసిపెట్టి పో. ఇగ నాకు గదే చెవి."

ఆమె ఏమనుకుందో గాని, గిన్నె పిడిని కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయి, నడిపయ్య తెరిపిన పడ్డాడు. "గా సుయ్ ఒక్కటే పోయింది సేటు. మాటలు మంచిగనే ఇనవడ్తయ్. ఇంట్ల మా ఆమె మాట ఒక్కటి గూడ పోదు" అన్నాడు ధీమాగా.

గుమ్మం దగ్గర నుంచి సువార్త వచ్చి రొట్టెల గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఎట్ల పోతది? రెండేండ్ల సంది ఒర్రి ఒర్రి చెప్తున్న. మన గల్లీల అందరు మనం రోజు కొట్లాడుకుంటున్నమనుకుంటున్నరు."

నడిపయ్య ఆమె వైపు తిరిగాడు. "రెండేండ్ల సందా? మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు షెడ్డు బందు వెడ్తవ్. బందు వెడితే నువ్వు మంచం వడ్తవ్. నా గొంతు పోతే పోయింది గని అనుకున్న."

అప్పుడు చూశాడాయన. మామూలుగా మాట్లాడుతోందని ఇన్నాళ్ళూ అనుకున్న మనిషి మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. ముఖం ఎర్రబడి ఉంది. రోడ్డు అవతల పోతున్నవాళ్ళు కూడా ఆగి వింటున్నారు. ఆయన ధూపం గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమెకు ఎదురుగా స్టూలు జరుపుకుని కూర్చున్నాడు.

"ఇగ మెల్లగ మాట్లాడు సువార్తా" అన్నాడు. "నీ మొకం చూస్కుంట ఇంట."