బావగారి హస్తవాసి

మామిడి పూత మీదున్న రోజుల్లో, మొన్నామధ్య ఒక మధ్యాహ్నం, ముసునూరు నుంచి ఒకాయన కొత్త మోటారు సైకిలు వేసుకుని మా షాపు ముందు ఆగాడు. ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటాడట. సంచిలోంచి రెండు అట్టపెట్టెలు తీశాడు. ఒకదాన్లో ఎర్రటి ఎయిర్ ఫిల్టరు, రెండోదాన్లో అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా. ఆ డబ్బాని బండి వైర్లకి కలిపితే ఇంజనులోకి ఎంత పెట్రోలు వెళ్లాలో ఫోనులోనే మార్చుకోవచ్చునట. నేను కళ్లజోడు సవరించుకుని చూస్తుంటే, పాపం పెద్దవాడినని కాబోలు, మర్యాదగా వివరించాడు. ఫిల్టరొక్కటే మార్చి ఊరుకుంటే గాలి ఎక్కువైపోయి, దానికి తగ్గ పెట్రోలు అందక ఇంజను మాడిపోతుందండీ, రెండూ కలిపే మార్చాలి, మీ రోజుల్లో ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి లెండి, అన్నాడు. పని మా వాళ్లకి అప్పజెప్పి లోపలికెళ్లి ఒక చెంబుడు నీళ్లు తాగి కూర్చున్నాను.

ఎందుకు తెలియదు నాయనా, నాకు బాగా తెలుసు. నీ వయసులోనే తెలుసు. తెలిసి చేసిన పనే కనక ఇన్నేళ్ల తరవాత కూడా ఇలా పని వదిలేసి లోపల కూర్చున్నాను.

ఈ షాపు నాది కాదు, మా అక్క మొగుడిది. పదో తరగతి రెండుసార్లు తప్పి, ఇంట్లో నాన్న మొహం చూడలేక, నూజివీడులో అక్కావాళ్లింటికి చేరాను. బావగారు ఒక్క మాట కూడా అనకుండా చేతికో స్పానరిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు మామిడి తోటల్లో తిరిగేవన్నీ టూ స్ట్రోకు బళ్లే, పెట్రోలులో ఆయిల్ కలిపి పోస్తేనే నడిచేవి. కలపడం మరిచిపోతే లోపల పిస్టన్ పట్టేసి బండి ఉన్నపళంగా బిగుసుకుపోయేది. బంకుల్లో కలిపి ఇచ్చేవారు గానీ, మా చుట్టుపక్కల తోటల వాళ్లకి వేరే పట్టింపు ఒకటుండేది. కాయ కోత మొదలుపెట్టే రోజున ఉత్త పెట్రోలు పోయించుకుని తిన్నగా మా షాపుకొచ్చి, బండికి బొట్టు పెట్టి, ఆ ఏటి మొదటి ఆయిల్ బావగారి చేత్తో పోయించుకునేవారు. ఆయన హస్తవాసి మంచిదని నమ్మకం. ఆయన పోస్తే సీజనంతా బండి దారిలో ఆగదని. విస్సన్నపేట నుంచి కూడా వచ్చేవాళ్లంటే చూసుకోండి. ఆయన పెద్ద మాటకారి కాదు, నవ్వడమూ తక్కువే, కానీ అక్క ఆవకాయకి నూనె కొలిచినంత శ్రద్ధగా చిన్న స్టీలు గ్లాసుతో ఆయిల్ కొలిచి పోసి, ట్యాంకు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, ఇక వెళ్లిరండి అనేవారు. షాపుకి బోర్డు కూడా లేదు. ఆ చెయ్యే బోర్డు.

నాలుగేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకునేసరికి నాకు కళ్లు నెత్తికెక్కాయి. బెజవాడలో సామాన్ల కోసం తిరిగేటప్పుడు అక్కడి కుర్రాళ్లు బళ్లకి పికప్ పెంచడం చూసి వచ్చి, బావగారివన్నీ పాతకాలపు పద్ధతులని తేల్చేశాను. కంపెనీ ఫిల్టరు పీకేసి గాలి బాగా లాగే స్పాంజి ఫిల్టరు వెయ్యాలి, కార్బురేటర్లో పెట్రోలు వెళ్లే జెట్టు ఒక సైజు పెంచాలి, అప్పుడు చూడండి బండి ఎలా లేస్తుందో అని ఆయనకే పాఠం చెప్పబోయాను. ఆయన వినీ విననట్టు విని, ఈ తోట దారుల దుమ్ములో మూతి తెరిచి బండిని తోలితే అది మట్టి తిని చస్తుందిరా, నా షాపులో ఆ పని వద్దు, అనేసి లేచి వెళ్లిపోయారు. నలుగురి ముందు అన్నారని నాకు తల కొట్టేసినట్టయింది. అబ్బో, ఎంత రోషమనుకున్నారు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కూడా రాదు.

బావగారికి ఒక తమ్ముడు. నాకంటే రెండేళ్లు పెద్ద, చిన్నబావ అనేవాణ్ణి. ఆ ఏడు మొదటిసారి రెడ్డిగూడెం దగ్గర తోట కౌలుకి తీసుకున్నాడు. పొద్దున్నే కోసిన కాయ ఒక గంపెడు మచ్చు తెచ్చి నూజివీడులో షావుకార్ల షెడ్డు దగ్గర దించాలి, ఎవరి మచ్చు ముందు దిగితే ఆ తోటకే లారీ ముందు వెళ్తుంది. ఆలస్యమైతే కాయ చెట్టు మీదే మగ్గి రాలుతుంది. అందుకని కుర్ర కౌలుదార్లంతా గంప వెనక కట్టుకుని ప్రాణాలకి తెగించి తోలేవాళ్లు. చిన్నబావ బండి పాతది, ఎత్తు వచ్చిందంటే మూలిగేది. ఎలాగైనా కాస్త లాగేట్టు చెయ్యరా, అన్నయ్యకి చెప్పకు, అని నన్ను బతిమాలాడు. నాకు కావలసిందీ అదే.

బెజవాడ వెళ్లి స్పాంజి ఫిల్టరు కొన్నాను. జెట్టు మాత్రం ఆ బండికి కావలసిన సైజు లేదు, వచ్చే వారం తెప్పిస్తాను, అది లేకుండా ఫిల్టరు బిగించకు సుమా అని షాపాయన మరీ మరీ చెప్పాడు. కానీ చిన్నబావ కోత మర్నాడే. వారం రోజులకి ఏమైపోతుందిలే అనుకున్నాను. బావగారు భోజనం చేసి కునుకు తీస్తున్న వేళ సైడు మూత తీసి, పాత ఫిల్టరు పీకి కొత్తది బిగించి, మళ్లీ మూత వేసేశాను. రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూశాను గదా, బండి గాల్లో తేలుతోంది! తిరిగొచ్చి ప్లగ్గు ఊడదీసి చూశాను. కాఫీ రంగులో ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంటే లోపల పెట్రోలు చాలక మంట మితిమీరుతోందన్నమాట. ఆ పాఠం బావగారే నాకు నేర్పారు. చూసి కూడా బిగించేశాను. చిన్నబావతో కార్బురేటర్ కొంచెం సర్దానని మాత్రం చెప్పాను.

మర్నాడు తెల్లవారుతూనే నాలుగు బళ్లు వరసగా వచ్చి ఆగాయి, అన్నీ ఆ రోజు కోత మొదలుపెట్టేవే. చిన్నబావ బండి మూడోది. అతను లోపల అక్క ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు, మిగతావాళ్లు రోడ్డవతల కబుర్లలో ఉన్నారు. బావగారు గ్లాసుతో కొలిచి తమ్ముడి ట్యాంకులో ఆయిల్ పోసి, ఎప్పటిలాగే అరచెయ్యి ఆనించారు. నేను పక్కనే పానా పట్టుకుని నిలబడి చూశాను. అది చూసింది నేనొక్కణ్ణే.

రెండు గంటలు తిరక్కుండానే కబురొచ్చింది. మచ్చు గంపతో వస్తూ మంచి వేగం మీద ఉండగా బండి బిగుసుకుపోయి, వెనక చక్రం ఈడ్చుకుపోయి, చిన్నబావ కల్వర్టు గోడకి కొట్టుకున్నాడు. కుడి మోచెయ్యి ముక్కలైంది. బావగారూ అక్కా ఉన్న బట్టల్తో బెజవాడ ఆసుపత్రికి పరిగెత్తారు. బండిని ఎవరో ట్రాక్టరు మీద వేసుకొచ్చి షాపులో దింపి వెళ్లారు. ట్యాంకు పగిలి పెట్రోలు చుక్క కూడా మిగల్లేదు, ఆయిల్ కలిసిందీ లేనిదీ చూద్దామంటే.

అప్పుడు నేను చేసిన పని చెప్తాను, వినండి. ఏడుస్తూనే చేశాను, కానీ చేశాను. షట్టరు సగం దించి, స్పాంజి ఫిల్టరు పీకేసి కంపెనీది తిరిగి బిగించాను. తెల్లబడ్డ ప్లగ్గు తీసేసి, కాఫీ రంగులో ఉన్న పాతదొకటి ఏరి పెట్టాను. తీసినవి రెండూ గోనెలో చుట్టి ఊరవతల పాడుబడ్డ నూతిలో పారేశాను. ఛీ, ఎంత తెలివి! ఆ తెలివిలో సగం ముందురోజు ఉండుంటే సరిపోయేది.

మూడో రోజు బావగారొచ్చి ఇంజను విప్పారు. ఇరుగుపొరుగు షాపుల వాళ్లు చుట్టూ మూగారు. ఫిల్టరు చూశారు, జెట్టు చూశారు, ప్లగ్గు చూశారు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. పిస్టన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, పొగ బయటికి పోయే వైపు మాడిన చోటు గోటితో గీకి, ఇది ఆయిల్ లేక పట్టినట్టు లేదే, వేడికి పట్టినట్టుందే అని తనలో తను అనుకుంటూ తలెత్తి నా మొహంలోకి చూశారు. ఆ చూపులో అనుమానం లేదు, పనివాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగారు, అంతే. ఎలాగైనా ఆ చూపు నా మీంచి పోవాలనిపించింది.

"అసలు ఆయిల్ పోశారా, బావగారూ?" అన్నాను.

ఆయన నోరు తెరిచారు, పోశానని చెప్పడానికే. కానీ అంతలోనే ఆయనకే అనుమానమొచ్చింది. ఆ రోజు నాలుగు బళ్లు వరసగా ఉన్నాయి కదా, ఒకటి తప్పిందేమోనని ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం నేను చూశాను. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో అయ్యో అన్నారు. అంతే, ఇక ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది.

మరుసటేడు పూత వచ్చింది, కాయ వచ్చింది, బొట్టు పెట్టించుకున్న బండి ఒక్కటి కూడా మా షాపు ముందు ఆగలేదు. నిందలు వెయ్యలేదండీ, ఊళ్లో అందరూ మర్యాదస్తులే, బంకులో కలిపించుకుని తలొంచుకుని వెళ్లిపోయేవాళ్లు. బావగారు కొన్నాళ్లు ఆయిల్ పోసీ పొయ్యగానే, పోశానా లేదా అని నన్నడిగేవారు, తరవాత గ్లాసు ముట్టుకోవడమే మానేశారు. చిన్నబావ కుడి చెయ్యి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయేది. అతని బతుకు తన చేత్తోనే పాడైందని బావగారు, తాతల నాటి తోటలో తన వాటా తమ్ముడి పేరున రాసిచ్చేశారు. అక్క అడ్డు చెప్పలేదు. షాపు నాకు వదిలేశారు. ఆ తరవాత ఆయన చాలా ఏళ్లు బతికారు. వీధరుగు మీద పేపరు ముందేసుకుని కూర్చునేవారు, ఇంట్లో గ్యాసు పొయ్యి కట్టారో లేదో అని రోజుకి పదిసార్లు లేచి వెళ్లి చూసుకునేవారు. అక్క విసుక్కునేది. నేను రోజూ ఆ అరుగు ముందు నుంచే షాపుకి వెళ్లేవాణ్ణి, ఇవాళ చెప్పేస్తాను, రేపు చెప్పేస్తాను అనుకుంటూ. అక్క పోయింది. నిరుడు కార్తీకంలో ఆయనా పోయారు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున ఉండబట్టలేక చిన్నబావ దగ్గరికి వెళ్లాను. ఆ తోటలో మామిడి చెట్లు కొట్టించి పామాయిలు మొక్కలు పెట్టిస్తున్నాడు. కొట్టేసిన మొద్దు మీద కూర్చుని ఫిల్టరు మార్చిన దగ్గర నుంచి నూతిలో పారేసిన దాకా మొత్తం చెప్పేసి, కొట్టినా పడదామని తల దించుకున్నాను. అతను ఎడం చేత్తో కండువా సర్దుకుని, తెలుసురా అన్నాడు. ఆ పొద్దున రెడ్డిగూడెంలో గంప కట్టుకుంటూ, ఇంత బాగా లాగుతోందేంటని సైడు మూత తీసి చూశాడట, కొత్త ఫిల్టరు కనబడిందట. మరి ఇన్నేళ్లూ అన్నయ్యకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఈ వాటా వెనక్కివ్వాలి కదరా? ఈ చెయ్యేసుకుని నేనెలా బతకాలి? నీకు షాపొచ్చింది, నాకు తోటొచ్చింది. ఇప్పుడు కొత్తగా నీ బాధేంటి?" అన్నాడు.

తిట్టించుకుని తేలిక పడదామని వెళ్లినవాణ్ణి, ఇద్దరం కలిసి ఒకే మనిషిని పంచుకు తిన్నామని తెలుసుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు టూ స్ట్రోకు బళ్లు లేవు. బంకులో ఆయిల్ ఎంత కలపాలని అడిగేవాడు లేడు, బొట్టు పెట్టించి మొదటి ఆయిల్ పోయించుకునే ఆనవాయితీ ఉండేదని చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ. ఆ రోజు మా షాపు చుట్టూ మూగినవాళ్లలో ముప్పాతిక మంది కాలం చేశారు. ఆ నింద నమ్మినవాళ్లు చాలామంది పోయారు, మోసినవాడు పోయాడు, చివరికి ఆ నింద పడడానికి కారణమైన పని కూడా లోకంలోంచి పోయింది. ఇక నేను నిజం చెప్పి ఎవరి ముందు ఆయన చేతిని నిలబెట్టాలి?

అయినా మనసు ఊరుకోక, సెలవులకి వచ్చిన బావగారి మనవరాలిని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. ఇంజనీరింగు చదువుతోంది, తెలివైన పిల్ల. పెట్రోల్లో ఆయిల్ కలపడమేంటి తాతయ్యా, అది కల్తీ కదా, అంది. కాదమ్మా అని టూ స్ట్రోకంటే ఏమిటో, ఆయిల్ ఎందుకో, హస్తవాసి అంటే ఏమిటో చెప్పుకుంటూ పోతే సగంలోనే దాని కళ్లు ఫోను మీదికి వెళ్లిపోయాయి. చివరికి, మీ తాతయ్య ఆ రోజు ఆయిల్ పోశారమ్మా, నేను చూశాను, అన్నాను. పోస్తే ఏమైంది తాతయ్యా, అని అడిగింది.